వెల్లకిల పడుకొనవలెను

నమోదు 1. సోమవారం

ఈ లాగ్‌లో నిజానికి పళ్ళ గురించి రాయాలి. నా పేరు రూతమ్మ, ఊరు ఒంగోలు, చదివింది దంతవైద్యం. కెంపువాడలో డాక్టరన్న పేరున్న మనిషిని నేనొక్కదాన్నే. అంగారకుడి నేల కింద, గనుల కోసం కట్టిన కాలనీ ఇది. మిగతా జబ్బులన్నీ యంత్రాలే చూసుకుంటాయని భూమి మీది కేంద్రం నమ్మకం. పళ్ళు పీకే యంత్రాన్ని చూసి మాత్రం జనం పారిపోతున్నారని ఫిర్యాదులు వెళ్ళాయట. అందుకని నన్ను పంపారు.

ఇవాళ సరుకు ఓడలో ఒక పెట్టె వచ్చింది. దాని మీద "మాతృశిశు హృదయ స్పందన సంరక్షక మేఖల" అని రాసి ఉంది. విప్పి చూస్తే నడుముకు కట్టే పట్టీ, అరచేతిలో పట్టేంత తెర. ఇది పైడమ్మ కోసం. పైడమ్మ సొరంగం తవ్వే యంత్రం నడుపుతుంది. ఆమెది విజయనగరం వైపు. ఇప్పుడు తొమ్మిదో నెల. కెంపువాడలో పుట్టబోయే మొదటి బిడ్డ ఆమె కడుపులోనే ఉంది.

పట్టీ కడితే తెర మీద బిడ్డ గుండె వేగం అంకెల్లో కనిపిస్తుంది. పక్కనే ఒక దీపం. ఆ దీపం ఏ రంగులో వెలగాలో ఇక్కడ ఎవరూ చెప్పకూడదు. అంకె భూమికి వెళుతుంది, అక్కడి నిపుణులు దాన్ని చూసి ఆకుపచ్చో పసుపో ఎరుపో నిర్ణయిస్తారు, ఆ రంగు తిరిగి ఇక్కడికి వస్తుంది. వెళ్ళి రావడానికి అరగంట పైనే పడుతుంది. తెర కింద ఒక చీటీ అంటించారు: "స్థానిక సిబ్బంది అంకెను చూడవచ్చును. అర్థము చేసుకొనరాదు."

పైడమ్మకు చదివి వినిపించాను.

"అయితే మీరూ నానూ ఒకటే, డాక్టరమ్మా," అంది ఆమె.

నమోదు 2. గురువారం

పట్టీ కట్టిన తరువాత పైడమ్మను యంత్రం మీదికి ఎక్కనివ్వడం లేదు. ఆమెకు తోచడం లేదు. నా గదికి వచ్చి కూర్చుని, పళ్ళ కుర్చీ మీద దుమ్ము తుడుస్తూ కబుర్లు చెబుతోంది. ఇవాళ పొద్దున వాళ్ళాయన అప్పలసూరి నీళ్ళ ప్లాంటులో గోనెసంచీ అనుకుని మేనేజరుగారి కోటుతో చేతులు తుడుచుకున్న సంగతి చెప్పి, తనే పగలబడి నవ్వింది. నవ్వుకు బిడ్డ గుండె కాస్త పరుగెత్తింది. అంకె చూశాను, అర్థం చేసుకోలేదు.

ఆమె భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, కునుకు తీస్తుండగా దీపం పసుపుగా వెలిగి పట్టీ మాట్లాడింది.

"గౌరవనీయ మాతృమూర్తీ! ప్రస్తుతము మీ శిశువు ఉద్వేగమునకు లోనగుచున్నది. దయచేసి శాంతించుడు."

పైడమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆ అదురుకు బిడ్డ గుండె మళ్ళీ పరుగెత్తింది. దాని గురించిన హెచ్చరిక ఆమె టీ తాగుతుండగా వచ్చింది. సాయంత్రం దాకా ఇదే వరస.

"ఇదేటి సోద్దెం? నాను నగితే ఇప్పుడు నగకు అంటాది, తొంగుంటే లేపి తొంగో అంటాది," అని పట్టీని రెండు వేళ్ళతో పొడిచింది.

నమోదు 3. ఆదివారం

మేనేజరు గంగాధర్‌గారు ప్రసారం మొదలుపెట్టారు. "కెంపువాడ శిశువు: ప్రత్యక్ష హృదయనాదం." పట్టీ పంపే చప్పుడును కేంద్రం శుభ్రం చేసి, వెనకాల వీణ కలిపి, భూమి మీద ఇంటింటికీ వినిపిస్తోంది. రోజుకు మూడుసార్లు గంగాధర్‌గారు ఇక్కడి నుంచి మైకులో వ్యాఖ్యానం చదువుతారు, అది మాత్రం నేరుగా జనానికి వెళుతుంది. ఆయనది జగిత్యాల వైపు ఊరని విన్నాను గాని, ఆయన నోట ఆ యాస ఎప్పుడూ వినలేదు. మైకు లేనప్పుడు కూడా మైకు ముందున్నట్టే మాట్లాడతారు.

"మేడం, కోటి మంది శ్రోతలను దాటినాము. ఒక బిస్కెట్ల సంస్థ, ఒక పరుపుల సంస్థ, ఒక జీవిత బీమా సంస్థ మనతో చేతులు కలిపాయి."

"కడుపులో బిడ్డకు బీమా ఎందుకు సార్?"

"శిశువుకు కాదు. శ్రోతలకు."

పెళ్ళి ఊరేగింపుల్లో ఈ చప్పుడుకే డోలు వాయిస్తున్నారట. పైడమ్మ చెల్లెలు బొబ్బిలి నుంచి కబురు పంపింది: ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ గుండె వింటూనే నిద్రపోతోందట. అది విన్నాక పైడమ్మ పట్టీని తిట్టడం కొంచెం తగ్గించింది.

నమోదు 4. బుధవారం

ఇబ్బంది ముదిరింది. పైడమ్మ పక్కకు తిరిగితే పట్టీ జారుతోంది. పట్టీ జారితే చప్పుడు ఆగుతోంది, చప్పుడు ఆగితే భూమి మీద కోటి మంది గుండెలు ఆగుతున్నాయి. కేంద్రం ఉత్తర్వు వచ్చింది: "సంకేత నాణ్యత దృష్ట్యా మాతృమూర్తి వెల్లకిల పడుకొనవలెను. కదలరాదు."

పొద్దున వెల్లకిల పడుకోబెట్టిన కాసేపటికే ఆమె ముఖం పాలిపోయింది.

"కళ్ళు తిరుగుతన్నాయి డాక్టరమ్మా. ఊపిరాడ్డం నేదు."

ఇది నాకు తెలిసిన సంగతే. ఒంగోలులో నెలలు నిండిన ఆడవాళ్ళు పంటి నొప్పితో వచ్చేవాళ్ళు. కుర్చీ వెనక్కి వాలిస్తే ఇలాగే తెల్లబోయేవాళ్ళు. నిండు కడుపు బరువు వీపు దగ్గరుండే పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది. గుండెకు తిరిగి వెళ్ళాల్సిన రక్తం అక్కడ తగ్గిపోతుంది, తల్లికీ బిడ్డకీ చాలదు. మేం కుడి తుంటి కింద దిండు పెట్టి, ఎడమకు ఒరిగేట్టు కూర్చోబెట్టి పని చేసేవాళ్ళం. ఇక్కడ బరువు తక్కువ, నాళం మీద ఒత్తిడి కూడా తక్కువే అని కేంద్రం పుస్తకంలో ఉంది. పైడమ్మ ఆ పుస్తకం చదవలేదు.

దిండు పెట్టాను. ముఖంలో రంగు వచ్చింది, పట్టీ జారింది. గంగాధర్‌గారు పరుగెత్తుకొచ్చారు.

"మేడం, ధ్వని పోయింది!"

"మనిషి బాగుంది సార్."

"మనిషి బాగున్నట్టు శ్రోతలకు ఎలా తెలుస్తుంది?"

కేంద్రానికి వివరంగా రాశాను. జవాబు వచ్చింది: "దంతవైద్యురాలి అభిప్రాయము దంతములకు పరిమితము."

నమోదు 5. శుక్రవారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున టిఫిను వేళకే పైడమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నా గదిలోనే మంచం వేశాం. కేంద్రం ఉత్తర్వు ప్రకారం వెల్లకిల పడుకోబెట్టి పట్టీ బిగించాం. అప్పలసూరి ఆమె తల దగ్గర నిలబడ్డాడు. తలుపు దగ్గర గంగాధర్‌గారు మైకుతో సిద్ధమయ్యారు. తెర మీద అంకె నూట నలభై. దీపం ఆకుపచ్చ.

నొప్పులు దగ్గరపడ్డాయి. మధ్యాహ్నం అయ్యేసరికి నొప్పి వచ్చినప్పుడల్లా అంకె కిందికి జారడం మొదలైంది. మొదట్లో నొప్పి తగ్గగానే మళ్ళీ పైకి వచ్చేది. తరువాత నొప్పి తగ్గినా లేవడానికి తాత్సారం చేసింది. నూట పది. నూరు. తొంభై ఐదు. దీపం మాత్రం ఇంకా ఆకుపచ్చే. అది అరగంట కిందటి ఆకుపచ్చ.

"డాక్టరమ్మా, పక్కకి తిరుగుతాను," అంది పైడమ్మ. పెదవులు తెల్లగా ఉన్నాయి.

అప్పుడే పట్టీ పలికింది. "గౌరవనీయ మాతృమూర్తీ! సంకేతము బలహీనపడుచున్నది. మాతృమూర్తిని వెల్లకిల పడుకోబెట్టి, కదలకుండ పట్టుకొనవలెను."

గంగాధర్‌గారు నా వైపు చూశారు. "మేడం, ఉత్తర్వు."

నాకు నవ్వు రాలేదు. వెల్లకిల ఉండబట్టి బిడ్డకు రక్తం చాలడం లేదు, చాలక గుండె నెమ్మదిస్తోంది. అరగంట కిందటి చప్పుడు విని వీళ్ళు ఇంకా వెల్లకిల ఉండమంటున్నారు. తెర మీద తొంభై. నేను చేసిన కాన్పులు లేవు, చదువుకునే రోజుల్లో చూసినవి మాత్రం ఉన్నాయి. నేను పొరబడితే పోయేది పన్ను కాదు.

"అప్పలసూరీ, ఆ భుజం పట్టుకో. ఎడమ వైపుకు తిప్పుదాం," అన్నాను. తిప్పాం. పట్టీ జారి చప్పుడు ఆగింది. బకిల్ విప్పి పట్టీని పక్కన పెట్టేశాను.

గంగాధర్‌గారి గొంతులో వ్యాఖ్యానం పోయింది. "అయ్యో మేడం! బిడ్డ చచ్చిపోయిందనుకుంటరు! ఆడ కోటి మంది ఇంటున్నరు!"

"మా సెల్లి ఇంటన్నాది!" అని నొప్పిలోనే అరిచింది పైడమ్మ. "సెల్లి భయపడిపోద్ది! ఏటో సెయ్యండయ్యా!"

అప్పలసూరి ఒక్క క్షణం ఆలోచించాడు. పట్టీ అందుకుని, పక్కనున్న నీళ్ళ ప్లాంటులోకి ఉరికాడు. కాసేపటికి గంగాధర్‌గారి చెవిలోని యంత్రంలో టకటకమని చప్పుడు మళ్ళీ వచ్చింది. నిలకడగా, తాళం తప్పకుండా.

"వచ్చింది! వచ్చింది! దేనికి కట్టినవ్?"

"మూడో నంబరు పంపుకి," అన్నాడు అప్పలసూరి రొప్పుతూ. అతని చేతిలో స్టీలు గరాటు ఉంది. పంపులో నూనె పోసేది, కడిగి తెచ్చాడు. "మా నాయనమ్మ సెప్పేది డాక్టరమ్మా. పాతకాలం నర్సమ్మలు ఇలాటిదానితోనే ఇనీవోరంట."

గరాటు వెడల్పు వైపు ఆమె కడుపు మీద ఆనించి, సన్నని కొస దగ్గర చెవి పెట్టాను. గాలి ఫ్యాను హోరు తప్ప ఏమీ వినపడలేదు.

"ఫ్యాను ఆపండి సార్."

"గాలి ఫ్యాను ఆపడం నేరం, మేడం."

"ఐదు నిమిషాలకు ఎవరం చచ్చిపోం. ఆపండి."

ఆయన మీట కిందికి లాగారు. కెంపువాడకు వచ్చాక నేనెప్పుడూ వినని నిశ్శబ్దం పరుచుకుంది. గరాటు జరిపి విన్నాను. ఏమీ లేదు. ఇంకాస్త కిందికి జరిపాను. నా గుండె చప్పుడు నా చెవిలో మోగుతోంది. ఇంకొంచెం పక్కకు.

ఉంది. ఎక్కడో దూరంగా, గుడ్డ చుట్టిన గడియారంలా. తల్లిది కాదని నిశ్చయం చేసుకోవడానికి పైడమ్మ నాడి పట్టుకున్నాను. అది వేరే నడక. కళ్ళు మూసుకుని పావు నిమిషం లెక్కపెట్టి నాలుగింతలు చేశాను. నూట ముప్ఫై ఆరు. అంకెను అర్థం చేసుకున్నాను.

"బాగుంది పైడమ్మా. బిడ్డ బాగుంది."

ఆమె ఏడ్చింది. అప్పలసూరి గరాటు దగ్గర చెవి పెట్టి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. "వీణ నేదేటి?" అన్నాడు చివరికి.

ఆ తరువాత ఆమె తన ఇష్టం వచ్చినట్టు కదిలింది. పక్కకు పడుకుంది, లేచింది, మోకాళ్ళ మీద వంగి మంచం కమ్మీ పట్టుకుంది. ప్రతి నొప్పి తరువాత కాసేపు ఫ్యాను ఆపించి గరాటుతో విన్నాను. తలుపు దగ్గర గంగాధర్‌గారు గోడ వైపు తిరిగి నిలబడి, మూడో నంబరు పంపు గురించి మైకులో వర్ణించారు: "ఎంత ప్రశాంతమైన హృదయము! ఎంత స్థిరమైన లయ!"

షిఫ్టు మారే సైరను మోగుతుండగా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మెడ చుట్టూ పేగు ఒక చుట్టు ఉంటే తప్పించాను. ముందు ఏడవలేదు. తువ్వాలుతో వీపు రుద్దాను. తుమ్మింది. తరువాత ఏడ్చింది చూడండి, సొరంగం చివర పనిచేస్తున్నవాళ్ళు కూడా విన్నారట.

పాలు తాగుతుండగా పంపు దగ్గర పట్టీ గోలపెట్టింది. అరగంట కిందట అంకె పడిపోయిన సంగతి వాళ్ళకు చేరి, ఇప్పుడు జవాబు వచ్చింది. దీపం ఎరుపు. "అత్యవసరము! మాతృమూర్తిని వెల్లకిల పడుకోబెట్టి తక్షణమే శస్త్రచికిత్స చేయవలెను!" తరువాత ఇంకొకటి. "అభినందనలు! మా సూచనలు పాటించినందున స్పందన ఆదర్శప్రాయముగా నున్నది."

నమోదు 6. ఆదివారం

బిడ్డ పుట్టిందని శుక్రవారమే కేంద్రానికి రాశాను. పట్టీ పంపుకు కట్టామని కూడా రాశాను. దాచడం నాకు చేతకాదు. జవాబు: "శిశు హృదయ స్పందన స్థిరముగా నున్నందున ప్రసవము జరిగినట్లు భావించుటకు ఆస్కారము లేదు."

ఫోటో పంపాం. "చిత్రములు సంకేతమునకు ప్రత్యామ్నాయము కావు." పైడమ్మ తన గొంతుతోనే చెప్పి పంపింది. అది "ప్రసవకాల భ్రమ" అట. ఓదార్పు మాటలు మాట్లాడమని నాకు సలహా ఇచ్చారు.

ఈలోగా భూమి మీద పంపుకు పేరు వచ్చింది. ఇంత నిలకడైన గుండెను ఇంతవరకు చూడలేదని నిపుణులు వ్యాసం రాస్తున్నారు. నొప్పుల్లో కూడా హాయిగా పడుకున్న మాతృమూర్తి అని పరుపుల సంస్థ ప్రకటన వేసింది.

నవ్వుకుని ఊరుకునేవాళ్ళమే. కానీ పుట్టిన బిడ్డ పేరు కేంద్రం రాస్తే గాని ఆ ఇంటికి గాలి వాటా పెరగదు. పైడమ్మ గదికి ఇద్దరి గాలే వస్తోంది. నిన్న మధ్యాహ్నం గదిలో చెడుగాలి హెచ్చరిక మోగింది. తలుపు తీసి కూర్చుంటే నియమాల ఉల్లంఘన అని ఇంకో హెచ్చరిక. బిడ్డను ఎత్తుకుని నా గదికి వచ్చేశారు.

"పంపు ఆపేద్దాం," అన్నాను. "చప్పుడు ఆగితే కేంద్రం కళ్ళు తెరుస్తుంది."

"ఆగితే ఏటనుకుంటారు?" అంది పైడమ్మ. బిడ్డను గుండెలకు ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది. "గుంట సచ్చిపోనాదనుకుంటారు. మా సెల్లి ఆ ఫోను చెవి కాడెట్టుకునే ఉంటాది. నా గుంట సచ్చిపోనాదని ఎవులూ అనుకోకూడదు డాక్టరమ్మా. ఒక్క నిమిషం కూడా. ముందు సెప్పండి. తరవాత ఆపండి."

చెప్పాల్సిందెవరో అందరికీ తెలుసు. కేంద్రం చూడకుండా నేరుగా జనానికి చేరే గొంతు ఇక్కడ ఒక్కటే ఉంది. గంగాధర్‌గారు కిందికి చూస్తూ నిలబడ్డారు.

"నా కొలువు పోతుంది, మేడం," అన్నారు.

ఆయన వెళ్ళిపోయారు.

నమోదు 7. మంగళవారం

ఇవాళ పొద్దున గాలి వాటా వచ్చింది. పైడమ్మ గదికి ఇప్పుడు ముగ్గురి గాలి. కేంద్రం క్షమాపణ చెప్పలేదు. "శిశువు జన్మించినట్లు శ్రోతలు విశ్వసించుచున్నందున" పేరు రాస్తున్నామని చెప్పింది. గంగాధర్‌గారి కొలువు సంగతి ఇంకా తేలలేదు. భూమి నుంచి జనం ఉత్తరాల మీద ఉత్తరాలు పంపుతున్నారు, వాటిని చదువుకుంటూ కూర్చున్నారు. పైడమ్మ చెల్లెలి కబురు కూడా వచ్చింది. మాటలేం లేవు. ఏడుపూ నవ్వూ కలిసి ఉన్నాయి.

నిన్న ఏం జరిగిందో రాయలేదు. బిడ్డకు స్నానం చేయించడంలో పడిపోయాను.

నిన్న మధ్యాహ్నం ప్రసారం వేళకు గంగాధర్‌గారు మైకు పట్టుకుని నా గదికి వచ్చారు. చేతిలో కాగితం లేదు. మంచం మీద పైడమ్మ, ఆమె ఒడిలో బిడ్డ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకుని, మీట నొక్కారు.

"అందరికి నమస్తే. నేను గంగాధర్‌ను. ఇయ్యాల సక్కగ మాట్లాడుత. మీరు మూడు దినాల సంది ఇంటున్నది బిడ్డ గుండె కాదు. నీళ్ళ పంపు. తప్పు నాది. బిడ్డ శుక్రారమే పుట్టింది. ఆడపిల్ల. తల్లి మంచిగుంది, బిడ్డ మంచిగుంది. బొబ్బిలిల ఉన్న చెల్లె, నీకే చెప్తున్న, భయపడకమ్మా. ఇప్పుడు పంపుకున్న పట్టీ ఇప్పేస్తం. చప్పుడు ఆగుతది. ఆగితే ఏం కాలేదని సమజ్ చేసుకోండ్రి."

తలుపులో నుంచి చెయ్యి ఊపారు. అవతల అప్పలసూరి పట్టీ విప్పాడు. ఆయన చెవిలోని చప్పుడు ఆగింది. ఆయన ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచి, లేచి, మైకును బిడ్డ ముఖం దగ్గరికి తెచ్చారు.

"ఇగో, బిడ్డ ఈడనే ఉంది. ఇనండ్రి. ఇనవడ్తలేదా? గట్టిగ…"

"గొంతు తగ్గించండి సారూ," అని పైడమ్మ ఆయన చేతి మీద తట్టింది. "ఇప్పుడే తొంగుంది. లేస్తాది."

గంగాధర్‌గారు చటుక్కున నోరు మూసుకున్నారు. మైకును తన పెదవులకు ఆనించుకుని, అవతల ఉన్న కోటి మందికీ వినపడీ వినపడనట్టు చెప్పారు:

"పండుకున్నది."